మూడో పేజీలోని అవ్వ

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రాత్రి పిల్లలు పడుకున్నాక కథలు రాసుకుంటాను. ఈ మధ్య ఒక పోటీకి పంపితే “బాగుంది గానీ ఇలాంటివి చాలా వచ్చాయి” అని తిప్పి పంపారు. అప్పటినుంచి ఏది రాసినా ఎక్కడో చదివినట్టే అనిపిస్తోంది. మా మరిది “ఇంత కష్టమెందుకొదినా, చాట్‌జీపీటీని అడిగితే రెండు నిమిషాల్లో రాసిస్తుంది” అని చేసి చూపించాడు. అది రాసింది అచ్చం నా కథలాగే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్కూల్లో జరిగిన ట్రైనింగులో ఒకాయన, లెక్కల వాళ్లది ఎడమ మెదడు, కళలు కుడి మెదడు వాళ్లకే వస్తాయి అన్నాడు. ఇంకో విచిత్రం, అంట్లు తోముతుంటే మంచి మంచి వాక్యాలు తోస్తాయి, నోట్‌బుక్ ముందు కూర్చుంటే ఒక్కటీ రాదు. వేరేవాళ్ల ప్రభావం పడకుండా కొన్నాళ్లు చదవడమే మానేద్దామా అనుకుంటున్నాను. అసలు నాలో నాది అంటూ ఏమైనా ఉందా? కథ జతచేశాను. ఉన్నదున్నట్టు చెప్పండి.
ఒక పాఠకురాలు, అనంతపురం

అమ్మా,

ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. కాబట్టి ముందు కథ సంగతే మాట్లాడుకుందాం.

మొదటి రెండు పేజీల్లో నెర్రెలు బారిన చేను, నొసటి మీద చెయ్యి పెట్టుకుని మబ్బుల కోసం చూసే రైతు, అరుగు మీద కూర్చున్న అప్పులాయన. చివరి పేజీలో పురుగుమందు డబ్బా. వీటిలో అబద్ధమేమీ లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో పుట్టినవాళ్లకు ఇవన్నీ ఇంటి సంగతులే. అయినా పోటీ పెట్టినవాళ్లు అన్నమాట నిజమే. ఆ చేను, ఆ రైతు, ఆ డబ్బా మీరు చెప్పకముందే నా కళ్ల ముందుకు వచ్చేశాయి.

మూడో పేజీ మధ్యలో మాత్రం ఆగిపోయాను. అక్కడ మీరు ఇలా రాశారు: “విత్తనానికని పెట్టుకున్న శెనిక్కాయలు ఒలిచేటప్పుడు మా అవ్వ గుక్కెడు నీళ్లు నోట్లో పట్టుకుని కూర్చునేది. ఒలిచినంతసేపూ మింగేది కాదు, ఉమ్మేది కాదు, మాట్లాడేది కాదు. ఒక్క పప్పు కూడా తన నోట్లోకి పోకూడదని.”

నేనూ ఈ సీమలోనే పుట్టి పెరిగాను. విత్తనం కాయలు మిషన్‌లో వేస్తే పప్పు బద్దలై మొలక దెబ్బతింటుందని, మృగశిర కార్తెకు ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చేత్తో ఒలవడం తెలుసు. ఒలుస్తూ ఒలుస్తూ పిల్లలం పప్పులు నోట్లో వేసుకోవడం, పెద్దవాళ్లు వీపు మీద ఒకటి చరచడం తెలుసు. తన నోటికి తానే కాపలా కూర్చున్న ముసలామె మాత్రం ఇన్నేళ్లలో నాకు ఏ కథలోనూ కనిపించలేదు. ఆకలి అన్న మాట మీరు వాడలేదు. పేదరికం అన్న మాట వాడలేదు. నీళ్లు పట్టుకున్న ఆ మూసిన నోరు చూస్తే రెండూ తెలిసిపోతున్నాయి. పైగా ఆమె మీద జాలి కంటే గౌరవం ఎక్కువ కలుగుతోంది. రేపటి పంట కోసం ఈ పూట ఆకలిని అంత పట్టుదలగా ఆపుకున్న మనిషి కదా!

మీరేమో ఆమెను మూడు వాక్యాల్లో దాటేసి మళ్లీ అప్పులాయన దగ్గరికి పరుగెత్తారు. నాలో నాది అంటూ ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. మీరే రాశారు, రాసి గుర్తుపట్టలేదు. ఎందుకు గుర్తుపట్టలేదో కాస్త వివరంగా చెబుతాను.

ఏదైనా కొత్తగా ఊహించమంటే మన మనసు ముందు దగ్గర్లో ఉన్నదాన్నే అందుకుంటుంది. 1994లో థామస్ వార్డ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన పరిశోధన వివరాలు ప్రచురించాడు. కాలేజీ విద్యార్థులకు కాగితాలిచ్చి, భూమికి ఎంతో తేడాగా ఉండే వేరే గ్రహం మీది జంతువును ఊహించి గీయమన్నాడు. ఎలా గీసినా తప్పు పట్టేవాడు లేడు. అయినా ఎక్కువమంది గీసిన జంతువులకు కుడి ఎడమలు సరిసమానంగా ఉన్నాయి, కళ్లున్నాయి, కాళ్లున్నాయి. ఆ జంతువుకు ఈకలు ఉంటాయని ముందుగా చెబితే, అడగకుండానే రెక్కలూ పక్షిముక్కూ కూడా తగిలించారు. చేనుకు అడ్డంగా జనం నడిచి నడిచి పడ్డ కాలిబాట ఉంటే మన కాలు దానంతట అదే అటు తిరుగుతుంది కదా, ఊహ కూడా అంతే.

సీమ కథ అనగానే అలాంటి బాట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కరువు, ఫ్యాక్షన్, వేటకొడవలి, బాంబు. సినిమాలు దాన్ని ఇంకా వెడల్పు చేశాయి. మీరు “కథ రాద్దాం” అని కూర్చున్నారు గనుక ఆ బాట పట్టారు. అవ్వ కథ కోసం రాలేదు. రాస్తూ రాస్తూ మీరు కాస్త ఏమరినప్పుడు జ్ఞాపకంలోంచి వచ్చి కూర్చుంది. అందుకే ఆమె వేరేగా ఉంది. ఆమె కథకు పనికొచ్చే సరుకని మీకు తోచకపోవడానికి కారణం కూడా అదే. మీరు చదివిన కథల్లో అలాంటి మనిషి లేదు, కాబట్టి ఆమెను కథలో మనిషిగా మీరు లెక్కపెట్టలేదు. కొత్తగా రాయాలని తపించే చాలామందికి ఇదే జరుగుతుంది. తమ దగ్గర ఉన్న అసలైన సంగతి తమ కంటికి మరీ మామూలుగా, ఇంట్లో రోజూ చూసేదిగా, కథలో పెట్టడానికి కాస్త సిగ్గుగా కూడా ఉంటుంది. దాన్ని పక్కకు నెట్టి, అచ్చులో చూసిన గొంతు ఎత్తుకుంటారు. నాకు వచ్చే కథల్లో ఎక్కువ భాగం ఇందువల్లే చచ్చిపోతున్నాయని నా నమ్మకం, దీనికి నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంకో మాట. మొదట తోచిందే బాగుంటుందని, తర్వాత తర్వాత ఆలోచనలు అడుగంటిపోతాయని మనకో నమ్మకం. బ్రయన్ లూకస్, లోరన్ నార్డ్‌గ్రెన్ అనే పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించి చూపించారు. జనం అనుకున్నట్టు కొత్తదనం తగ్గలేదు, అలాగే నిలబడింది లేదా పెరిగింది. తగ్గుతుందని గట్టిగా నమ్మినవాళ్లు మాత్రం తొందరగా పని ఆపేశారు. కాబట్టి మొదటి పేజీ పేలవంగా వచ్చిందని పెన్ను మూసేయకండి. మీ విషయంలో మూడో పేజీ దాకా వెళ్తేనే కదా అవ్వ దొరికింది.

ఇక మీ మరిది సంగతి. అతని మీద కోపం పెట్టుకోకండి, మీకు మేలే చేశాడు. ఆ యంత్రం లెక్కలేనంత రాతను చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ వీలుందో లెక్కగట్టుకుంటూ రాస్తుంది. మీరు సంభావ్యత పాఠం చెప్పే టీచరు, మీకు నేను వివరించక్కర్లేదు. “అనంతపురం రైతు కథ రాయి” అని ఊరికే అడిగితే, జనం ఎక్కువగా నడిచిన బాటలోనే అది నడుస్తుంది. అది రాసింది మీ కథలాగా ఉందంటే మీ మొదటి రెండు పేజీలు కూడా ఆ బాటలోనే ఉన్నాయని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. మరి మీ మూడో పేజీ అందులో ఉందా? ఒకసారి చూసుకోండి. అవ్వ గురించి ఇంతవరకు ఎవరూ ఎక్కడా రాయలేదు, దానికి తెలిసే దారి లేదు. నన్నడిగితే ఆ యంత్రాన్ని ఇలా వాడుకోవచ్చు. మీరు రాయబోయే విషయం మీద ముందు దానిచేత ఒక కథ రాయించండి. అందులో ఉన్న మనుషులు, వస్తువులు, ముగింపు ఒక కాగితం మీద రాసుకోండి. అవేవీ మీ కథలో ముందు వరుసలో కూర్చోకుండా చూసుకోండి.

ఎడమ మెదడు, కుడి మెదడు గురించి ఎక్కువ చెప్పను. మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్టను, మూర్ఛ తగ్గించడానికి కోసిన రోగుల మీద రోజర్ స్పెర్రీ అనే అమెరికా శాస్త్రవేత్త పనిచేశాడు, 1981లో నోబెల్ అందుకున్నాడు. కొన్ని పనుల్లో ఒక సగానికి పైచేయి ఉన్న మాట వాస్తవం. దాన్ని సాగదీసి మనుషులనే రెండు రకాలుగా విడగొట్టారు. 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు చూస్తే అలాంటి ఎడమవాళ్లూ కుడివాళ్లూ కనిపించలేదు. ట్రైనింగు ఆయన మాట అక్కడే వదిలేయండి.

అంట్లు తోముతుంటే వాక్యాలు రావడం, నోట్‌బుక్ ముందు పారిపోవడం మీ ఒక్కరి సంగతే కాదు. నోట్‌బుక్ ముందు ఏం జరుగుతుందో ముందు చూద్దాం. మన మనసు ఒక సమయంలో చేతిలో పట్టుకోగలిగేది మూడు నాలుగు విషయాలే అని నెల్సన్ కోవన్ అనే పరిశోధకుడు 2001లో చెప్పాడు. మీరు రాత్రి పదింటికి కూర్చుంటారు. బాగుంటుందా అన్న అనుమానం ఒకటి, పోటీవాళ్లు ఏమంటారో అన్న టెన్షన్ ఒకటి, పొద్దున దిద్దాల్సిన పేపర్లు ఒకటి. ఉన్న చోటంతా అవే పట్టేశాయి. అవ్వకు కూర్చోవడానికి జాగా ఏది? అంట్ల దగ్గర ఈ బెడద లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, ఎవరూ మార్కులు వేయరు. అప్పుడు మెదడు ఖాళీగా ఉంటుందని కూడా అనుకోకండి. పైపని లేనప్పుడు మెదడులో కొన్ని భాగాలు మరింత చురుగ్గా పనిచేస్తాయని మార్కస్ రైకిల్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం 2001లో రాసింది. ఆ భాగాల కూటమికి తర్వాత డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని పేరు వచ్చింది. పాత జ్ఞాపకాలు కదలడం, రేపటి సంగతులు ఊహించుకోవడం, మనల్ని మనం ఇంకొకరి స్థానంలో పెట్టుకోవడం, వీటన్నిటిలో దానికి పాత్ర ఉంది. కథకు కావాల్సినవి కూడా ఇవే కదా.

అలాగని నోట్‌బుక్ మూసేసి అంట్ల దగ్గరే కూర్చుంటే వాక్యాలు ఎప్పటికీ వస్తాయనుకోకండి. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త హెన్రీ పాంకరే కథ లెక్కల టీచరుగా మీరు వినే ఉంటారు. 1880 ప్రాంతంలో ఒక లెక్కతో రోజుల తరబడి కుస్తీ పట్టాడు. తర్వాత ఆ గొడవ మరిచిపోయి ఒక భూగర్భ శాస్త్ర యాత్రకు వెళ్లాడు. గుర్రాలు లాగే బస్సు మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో, తను వెతుకుతున్నది ఎదురుగా నిలబడింది. జనం ఇంతవరకే చెప్పుకుంటారు. 1908లో పాంకరే చెప్పిన రెండో సగం ఎవరూ చెప్పరు. అంతకుముందు రోజుల తరబడి కూర్చుని, ఏమీ సాధించలేదనుకున్న ఆ కష్టం లేకపోతే ఇలాంటి మెరుపులు రావని ఆయనే స్పష్టంగా చెప్పాడు. మెరుపు వచ్చాక మళ్లీ కూర్చుని సరిచూసుకోవాలని కూడా అన్నాడు.

అందుకని ఇలా చేసి చూడండి. రాత్రి కూర్చున్నప్పుడు కథ రాయాలని పట్టుబట్టకండి. ఆ పాత్ర గురించి మీకు తెలియని ఒక్క ప్రశ్న రాసుకోండి. “అవ్వను ఎవరైనా పిలిస్తే నోట్లో నీళ్లతో ఎలా పలికేది?” లాంటిది. దానికి తోచిన జవాబులన్నీ, చెత్తవైనా సరే, కాసేపు రాయండి. రాసి పడుకోండి. పొద్దున పనిలో ఏదైనా తడితే చేతులకు సబ్బు ఉందని ఆగకండి, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టుకుని మాట్లాడేయండి. గంట పోతే ఆ వాక్యం మీకు దక్కదు. ఇంట్లో అంట్లు మీ ఒక్కరివేనా అన్నది వేరే చర్చ, అది మీ ఆయనతో తేల్చుకోవాల్సింది. ఆలోచనలు రావడానికి అంట్లే అక్కర్లేదు. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పరీక్షల్లో కూర్చున్నప్పటి కంటే నడిచేటప్పుడు ఎక్కువ కొత్త ఆలోచనలు వచ్చాయి. స్కూలు నుంచి ఇంటికి దగ్గరైతే ఆటో ఎక్కకుండా, ఫోన్ చూడకుండా నడిచి రండి.

చదవడం మానేస్తానన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీ భయం అర్థమవుతోంది, ఆ భయానికి ఆధారం కూడా ఉంది. హెలెన్ కెల్లర్ పదకొండేళ్ల వయసులో ఒక కథ రాసి, తన బడి పెద్దకు పుట్టినరోజు కానుకగా పంపింది. అది అచ్చయింది. తీరా చూస్తే అంతకుముందే మార్గరెట్ కాన్బీ అనే ఆవిడ రాసిన కథకు అది చాలా దగ్గరగా ఉంది. చూపూ వినికిడీ లేని ఆ పిల్లకు ఎప్పుడో ఎవరో అరచేతిలో వేళ్లతో ఆ కథ చదివి వినిపించారు. కథ మనసులో మిగిలింది, విన్న సంగతి చెరిగిపోయింది. బడిలో ఆమెను కూర్చోబెట్టి విచారణ చేశారు. చాలా ఏళ్లపాటు ఏం రాసినా ఇది నాదేనా అని ఆమె భయపడింది. మీరు ఇప్పుడు పడుతున్న భయమే అది. 1903లో ఆ సంగతి చదివిన మార్క్ ట్వేన్, మనం అనే మాటల్లో ఎక్కువ భాగం ఎక్కడో విన్నవేనంటూ ఆమెను ఓదారుస్తూ ఉత్తరం రాశాడు.

విషయాన్ని దాచుకున్నంత భద్రంగా మన మనసు అది ఎక్కడిదన్న చిరునామాను దాచుకోదు. చదవడం మానేస్తే ఈ గుణం పోదు. ఇప్పటికే చదివిన కొద్దిపాటి కథలే లోపల తిరుగుతూ మళ్లీ మళ్లీ బయటికొస్తాయి. ఇంకా ఎక్కువ చదవండి, కథలు కానివి కూడా చదవండి. కదిరి వేరుశనగ పరిశోధనా కేంద్రం విత్తనాల గురించి చెప్పేవి చదవండి, మీ తాతల కాలంనాటి అప్పు కాగితాలు ఇంట్లో ఉంటే చదవండి. మీరు రాసిన వాక్యం మరీ నున్నగా, ఒక్క దెబ్బకు తయారై వచ్చిందా, అప్పుడు మాత్రం ఎక్కడైనా చదివానా అని ఒకసారి ఆగి ఆలోచించండి.

ప్రత్యేకత అంటే అన్నీ కొత్తవే కావాలన్న బెంగ కూడా మీ ఉత్తరంలో కనిపించింది. ఆటవెలది వేమన కనిపెట్టింది కాదు, ఆయనకు కొన్ని వందల ఏళ్ల ముందే నన్నయ వాడాడు. వేమన మకుటాన్ని చివర తగిలించి తర్వాత ఎందరో పద్యాలు కట్టారు. మకుటం అందరికీ దొరికింది. వంటింట్లోంచీ వీధిలోంచీ సంగతులు ఎత్తుకొచ్చి మనిషి ముందు పెట్టిన ఆ చూపు అందరికీ దొరకలేదు.

వీలైతే ఒక ఆదివారం ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు వెళ్లిరండి. 2022 వరకు మన జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు అక్కడున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెంట్రుక లేకుండా గీకి, వెలుగు కనిపించేంత పలుచన చేసి ఆరబెడతారు. దాని మీద బొమ్మ గీసి, చిన్న ఉలితో ఒక్కొక్క రంధ్రం కొడతారు. నగలన్నీ ఆ రంధ్రాలే, వెనక దీపం పెడితే అక్కడినుంచి వెలుగు వస్తుంది. ఎవరు చేసినా అదే రాముడు, అదే హనుమంతుడు, అదే పది తలల రావణుడు. కొత్త దేవుణ్ని ఎవరూ కనిపెట్టరు. అయినా రెండు చేతులు చేసిన రెండు హనుమంతులను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు భుజకీర్తి దగ్గర రంధ్రాలు చిక్కగా కొడతారు, ఇంకొకరు అక్కడ విడిచిపెట్టి తోక చివర ఓపికంతా పెడతారు. అలా చేయాలని వాళ్లు ముందుగా అనుకోరు. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడ ఆ మనిషి తెలిసిపోతాడు. మీ చెయ్యి అవ్వ దగ్గర ఆగింది.

కాబట్టి ఆ కథను మూడో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. అప్పులాయన రావాలో వద్దో తర్వాత చూద్దాం. రైతు చనిపోవాలన్న నియమం కూడా ఏమీ లేదు. ముందు ఈ శనాదివారాల్లో ఊరికి వెళ్లి మీ అమ్మగారి పక్కన కూర్చుని అడగండి. అవ్వ ఎక్కడ కూర్చునేది, వసారాలోనా పెరట్లోనా? ముందు చేట ఉండేదా, గంప ఉండేదా? ఆ నీళ్లు చివరికి ఎక్కడ ఉమ్మేది? ఈ పద్ధతి ఆమెకు ఎవరు నేర్పారు, అత్తగారా, తనకు తానే పెట్టుకుందా? మీ అమ్మ కూడా అలా చేసిందా, చేయకపోతే ఎందుకు చేయలేదు? ఇవన్నీ మీకే గుర్తున్నాయని ధీమా పడకండి. జ్ఞాపకాన్ని మనసు తలచుకున్న ప్రతిసారీ కొంత కొత్తగా కట్టుకుంటుందని బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే చూపించాడు, చిన్నప్పటి సంగతుల్లో ఇది మరీ ఎక్కువ. అమ్మగారి జవాబు మీ జ్ఞాపకంతో కలవకపోతే కంగారు పడకండి. ఇద్దరూ ఎక్కడ విడిపోయారో అది కూడా రాసిపెట్టుకోండి, అక్కడ ఇంకో కథ ఉండొచ్చు.

కథ పూర్తయ్యాక నాకు పంపండి, తప్పకుండా చదువుతాను. దానికంటే ముందు మీ అమ్మగారికి పైకి చదివి వినిపించండి. విత్తనం పనిలో మీరు పొరపాటు రాసి ఉంటే ఆమె అక్కడికక్కడే ఆపి చెబుతారు. ఆ దిద్దుబాట్లు చేశాక పోటీల కోసం చూడకుండా నేరుగా ఒక పత్రికకు పంపేయండి.